దర్వాజకెక్కిన కర్రులు

హాలియా,
విరోధి నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళం.

చిరంజీవి దశరథానికి మీ బాపు గాలయ్య దీవించి రాస్తున్న జాబు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం వాడుక. ఆ ఉభయుల్లో నీ వైపు సగం, అంటే నువ్వు, శ్యామలమ్మ, పిల్లలు, షోలాపూర్‌లో సుఖంగా ఉన్నారని నీ జాబులో చూసి సంతోషించాను. మా వైపు సగం గురించి ఆ మాట రాయడానికి చేయి సాగడం లేదు. నేనూ కోడలు ఉప్పలమ్మా ప్రాణాలతో ఉన్నాం. ఎద్దులు బాగున్నాయి. బండి కూడా బాగానే ఉంది. ప్రస్తుతానికి ఇంతవరకు చాలు.

నీ జాబు నాకు దొర గడి వాకిట్లో ఉండగానే అందింది. దొర గుమాస్తా దాన్ని విప్పి, తీరికగా చదువుకుని, మడత మార్చి తెచ్చి ఇచ్చాడు. అక్కడి నుంచి నేను జవాబు రాస్తే అది కూడా వాడి కళ్ళ కిందుగానే పోవాలి. అందుకే ఇన్నాళ్ళు రాయలేదు. ఇప్పుడు హాలియా అంగడి పక్కన బండి విప్పుకుని, నొగల మీద పలక వేసుకుని రాస్తున్నాను. దీన్ని ఎవరైనా విప్పి చదివినా ఇక నాకు పోయేదేమీ లేదు.

నువ్వు అడిగినవాటికి నువ్వు అడిగిన వరుసలోనే జవాబు చెబుతాను. తమ్ముడు ఎప్పుడు వస్తాడని జాబు చివర అడిగావు. దానికి చివరనే చెబుతాను.

బండి అమ్మేసి షోలాపూర్ వచ్చేయమన్నావు. మిల్లు కార్ఖానాలో గ్యాసు వెల్డింగు నేర్చుకున్నావని, సన్నని నీలి మంటతో రెండు ఇనుప ముక్కలను మైనంలా కలిపేస్తున్నావని, ఈ కొలిమి, ఈ తిత్తి, ఈ సమ్మెట అన్నీ అజాయబ్‌ఖానాలో పెట్టాల్సిన సరుకని రాశావు. నీ విద్య గొప్పదే, నేను కాదనను. కానీ నీ మంట దగ్గరికి ఇనుము రావాలి. మన మంట ఇనుమున్న చోటికి పోతుంది. వాన పడిన మర్నాడు నాగలి కర్రు విరిగిన రైతు దాన్ని భుజాన వేసుకుని షోలాపూర్ రాలేడు. రామన్నపేట దాకా కూడా పోలేడు. పోయి వచ్చేసరికి దుక్కి ఆరిపోతుంది. వాడి చెలక గట్టునే బండి విప్పి, కొలిమి రాజేసి, కర్రు అతికి, వాడి ఎద్దులు మేత ముగించేలోపు చేతిలో పెట్టాలి. బండి చక్రం పట్టా ఊడినా, మోట బొక్కెన అడుగు కారినా, పెళ్ళినాడు వంట గుండిగ చెవి విరిగినా మనమే పోవాలి. మా నాయన అట్లానే బతికాడు. నువ్వు కూడా ఆ బండి మీదనే పుట్టావు. నీకు చెప్పక్కర్లేదు, అయినా నువ్వు మరిచినట్టున్నావు కనుక రాశాను.

నువ్వు వదిలిపోయిన సమ్మెట మీ తమ్ముడు భిక్షం పట్టాడు. మన బండి కమ్మరుల్లో ఆడవాళ్ళు సమ్మెట పట్టడం ఉన్నదే, మీ అమ్మ పట్టలేదా? ఉప్పలమ్మ కాపురానికి వచ్చిన నెలలోనే సమ్మెట తన చేతికి తీసుకుని భిక్షాన్ని తిత్తి దగ్గర కూర్చోబెట్టింది. నాకు కళ్ళలో పొర వచ్చిందని నీకు తెలుసు. అద్దాలు పెట్టుకుంటే అక్షరం ఆనుతుంది కానీ నిప్పు రంగు ఆనదు. అతుకు పెట్టే వేళ ఇనుము రంగు పోల్చలేని కమ్మరి ఎందుకు పనికొస్తాడు? భిక్షం నవ్వి, "బాపూ, నువ్వు పుస్తకం సూడు, నిప్పు నేను సూస్త" అనేవాడు. రేగుపండు, మోదుగుపువ్వు, తంగేడు పువ్వు అని రంగులు పైకి చెప్పేవాడు. తంగేడు అన్నాడంటే ఇనుము అతుక్కుంటుంది, పట్కారుతో తీసి దాగలి మీద పెట్టి కొట్టాలి. వాణ్ణి పట్టుకుపోయిన తరువాత ఉప్పలమ్మ ఆ రంగులు చెప్పడం కూడా నేర్చుకుంది.

ఇక రెండోది. నా పుస్తకాల వల్లే తమ్ముడు చెడిపోయాడని రాశావు. ఆ మాట రాయడానికి నువ్వు మంచి కాగితం తీసుకున్నావు, దస్తూరీ కూడా బాగా కుదిరింది. దశరథం, నీకు ఆ దస్తూరీ ఎక్కడిది? బండి చప్టా మీద, బొగ్గుతో, నేను దిద్దించిందే కదా. నిజాం సర్కారు బళ్ళో మనవాళ్ళను గడప ఎక్కనిచ్చారా? గ్రంథాలయం పెట్టిన పుణ్యాత్ముల దగ్గర పుస్తకాలు అడుక్కుని, ఊరూరూ తిప్పుతూ చదివి, మళ్ళీ తిరిగిచ్చాను. పరాయి దేశాల్లో రాజులు ఎట్లా పోయారో, రైతులు ఎట్లా లేచారో నేను చదువుతుంటే మీరిద్దరూ విన్నారు. అదే చదువు నిన్ను మిల్లుకు పంపింది, వాణ్ణి సంఘానికి పంపింది. నువ్వు బాగుపడితే అది నీ తెలివి, వాడు పట్టుబడితే అది నా పుస్తకం. ఈ లెక్క నీకు మిల్లులో ఎవరు నేర్పారు?

పుస్తకాలు చదివినవాళ్ళ మీద నాకు కోపం లేదని కాదు. ఉంది. మన సంఘం మీటింగుల్లో బల్ల మీద నిలబడి, గడి తలుపులు విరగ్గొట్టండి అని గొంతు చించుకున్న పంతులు నీకు గుర్తుంటాడు. దొర పట్నం పారిపోయిన ఏడు ఊరంతా కలిసి నిజంగానే గడి దర్వాజ విరగ్గొట్టింది. దాని ఇనుప పట్టీలు, గుబ్బలు, వెనక వేసే అడ్డగడియ, అన్నీ ఊడదీసి మన బండి దగ్గర కుప్ప పోశారు. ఆ ఇనుముతో నాగలి కర్రులు చేయమన్నారు. నేనూ భిక్షం ఉప్పలమ్మా ఆ ఎండాకాలమంతా అదే పని చేశాం. నా బతుకులో చేసిన అన్ని పనుల్లో అదే మంచి పని. తరువాత యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు. వాళ్ళ వెనకే దొర మిలిటరీ జీపులో, తెల్లటోపీ పెట్టుకుని దిగాడు. దీపావళి ముందు ఒక అంగట్లో మన బండి దగ్గరనే మిలిటరీవాళ్ళు భిక్షాన్ని పట్టుకుని, ఊరి బయట తమ క్యాంపులో పెట్టారు. దళం వాళ్ళ తుపాకీకి గొట్టం అతికాడని నేరం. అతికాడు, అబద్ధం కాదు. నేను నల్లగొండ పోయి ఆ పంతులు ఇంటి ముందు నిలబడ్డాను. ఆయన ఇప్పుడు ఒక వకీలు ఇంట్లో మేడ మీద ఉంటున్నాడు. కిటికీలోంచి నన్ను చూశాడు, నేనూ చూశాను. ఇంట్లో లేరని మనిషి చేత చెప్పించాడు.

మూడోది, దర్వాజ సంగతి. ఇది కొంచెం పొడుగు.

ఉగాది పోయిన తరువాత దొర నన్ను పిలిపించాడు. వాకిట్లో కూర్చుని ఉన్నాడు, కోపంగా కూడా లేడు. "నీ కొడుకు ఏ ఇనుముతోని కర్రులు జేసిండో నాకెరికనే గాలయ్యా. నా దర్వాజ నాకు నిలబెట్టు, నీ కొడుకును నీకు తెప్పిస్త. క్యాంపు సాబు నా మాట తీసెయ్యడు" అన్నాడు. కొత్త ఇనుము తెప్పించుకోవచ్చు కదా దొరా అన్నాను. ఆయనకు కొత్త ఇనుము అక్కర్లేదట, పాతదే కావాలట. ఊళ్ళో ప్రతి నాగలికీ ఉన్న ఆ కర్రును ఊడదీయించి, మళ్ళీ పట్టీలుగా సాగగొట్టించి, అదే తలుపుకు వేయించాలట. ఊరంతా అది కళ్ళారా చూడాలని ఆయన కోరిక. ఆ కోరిక నాకు అర్థమైంది, నేను పుస్తకాలు చదివినవాణ్ణి కదా.

కొన్నాళ్ళకు నీ జాబు వచ్చింది, ఈ సంగతి ఊరి నుంచి ఎవరో నీకు చేరవేసినట్టున్నారు. పెద్దవాళ్ళతో పంతం వద్దు, దర్వాజ చేసిపెట్టి తమ్ముణ్ణి విడిపించుకో అని రాశావు. గుమాస్తా ఆ వాక్యం కింద గోటితో గీత గీసి మరీ ఇచ్చాడు. నీ సలహా రాకముందే నేను ఒప్పుకుని ఉన్నాను కనుక ఆ పాపం నీకు అంటలేదు, బెంగ పెట్టుకోకు.

గుమాస్తా డప్పు వేయించాడు. కర్రులు దాచినవాళ్ళ పేర్లు క్యాంపుకు పోతాయని బెదిరించాడు. కానీ ఊరు ఆ బెదిరింపుకు లొంగలేదు, భిక్షం కోసం లొంగింది. కర్రులిస్తే భిక్షాన్ని వదులుతారట అనే మాట డప్పు కంటే ముందు ఇల్లిల్లూ తిరిగింది. వానలు దగ్గరికి వస్తున్న రోజుల్లో, నాగళ్ళకు కర్రులు ఊడదీసి ఒక్కొక్కరే గడి వాకిట్లో మన బండి ముందు పెట్టిపోయారు. ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు. సోమమ్మ, అదే, వాగు అవతలి చెలక సోమమ్మ, తన కర్రును కొంగుతో తుడిచి తెచ్చింది. "గాలన్నా, గిది భిక్షం సేతి కర్రు. రాయికి తాకినా మొన వంగలె. ఆడొచ్చినంక నాకు ఇంకోటి సెయ్యుమని సెప్పు, మర్సిపోకు" అంది. చెబుతానన్నాను.

గడి వాకిట్లోనే బండి విప్పి పని మొదలుపెట్టాం. పని అయ్యేదాకా ఎద్దులు గడి కొట్టంలోనే ఉండాలని, మేము బయటి ఊళ్ళకు పోరాదని షరతు. నేను పట్కారు పట్టాను, ఉప్పలమ్మ తిత్తి ఊది, రంగు చెప్పి, ఊదిన చేత్తోనే సమ్మెట ఎత్తేది. ముగ్గురు చేసే పని ఇద్దరం చేశాం. రెండు కర్రులు జోడించి కాచి, అతికి, సాగగొడితే మూరెడు పట్టీ వస్తుంది. కొన్ని కర్రుల మీద మన్ను ఇంకా అంటుకునే ఉండేది. నిప్పులో పెడితే ఆ మన్ను కమురు వాసన వచ్చేది, తొలకరి వాసన కాదు. ఉప్పలమ్మ మాత్రం హుషారుగా ఉండేది. ఒక్కో పట్టీ అయినప్పుడల్లా "ఇగో మామా, ఆయన సెయ్యి ఒకటి క్యాంపు దాటింది" అనేది. ఇంకొకటైతే "కాలు దాటింది" అనేది. అట్లా పట్టీ పట్టీకి మొగుణ్ణి కొంచెం కొంచెంగా బయటికి తెచ్చుకునేది. కావలివాడితో పరాచికాలాడేది. గుమాస్తా నడక నడిచి చూపించేది, నాకు నవ్వొచ్చేది. ఇన్ని నెలల తరువాత ఆ పిల్ల కడుపునిండా తినడం నేను చూశాను.

వైశాఖంలో బొగ్గులు అయిపోయాయి. కావలివాణ్ణి తోడిచ్చి నన్ను అడవంచుకు పంపారు, అక్కడ తుమ్మమొద్దులు కాల్చి బొగ్గు చేసేవాళ్ళు ఉంటారు. కావలివాడు ఎండకు ఒక చెట్టు కింద పండుకున్నాడు. నేను బొగ్గులు ఏరుతుంటే బుచ్చయ్య వచ్చాడు. కల్లు గీసే బుచ్చయ్య, పక్క ఊరివాడు, నీకు తెలియదు. భిక్షంతో పాటు అదే క్యాంపులో ఉండి విడుదలై వచ్చాడట. ముందు తన గీతకత్తి చూపించి పదును పోయిందన్నాడు. కత్తి నా చేతిలో ఉండగానే, అటూ ఇటూ చూసి, నేల చూస్తూ చెప్పాడు.

దశరథం, నువ్వు చివరన అడిగినదానికి ఇదే జవాబు. తమ్ముడు రాడు.

పుష్య మాసంలోనే, ఒక పొద్దున, నల్లగొండ జైలుకు మారుస్తున్నామని చెప్పి భిక్షాన్ని, ఇంకా కొందరిని లెక్కపెట్టి బయటికి తీసుకుపోయారు. వాగు దిక్కు నుంచి తుపాకుల చప్పుడు క్యాంపులో ఉన్నవాళ్ళకు వినిపించింది. నేను బుచ్చయ్యను ఒకటే అడిగాను, నువ్వు కళ్ళారా చూశావా అని. పూడ్చిపెట్టడానికి తోలుకుపోయిన నలుగురిలో తనొకడట. "మొకం సూసిన గాలయ్యా. మన భిక్షమే. కుడిసేతి మీద కాలిన మచ్చ గూడ సూసిన" అన్నాడు. ఆ మచ్చ నువ్వు పడేసిన పట్కారుదే, మీ చిన్నతనంలో.

ఇంకొక మాట కూడా చెప్పాడు. శవాలు మోసిన బండి గడిదట. తోలింది దొర పాలేరు, పక్కన నడిచింది గుమాస్తా. అంటే పుష్యంలో వాగు ఒడ్డుకు పంపినవాడిని, ఉగాది తరువాత నాకు తెప్పిస్తానని దొర మాటిచ్చాడు. వాకిట్లో కూర్చుని, కోపం లేకుండా. ఆయన మొహం నేను ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో చెప్పలేను. ఆ మొహంలో ఎక్కడా అబద్ధం కనిపించదు. దొరకు నేను అబద్ధం చెప్పడానికి కూడా తగినవాణ్ణి కాదు, అంతే. ఎద్దుకు గడ్డి చూపించి కాడి కిందికి నడిపేవాడు ఎద్దుకు అబద్ధం చెప్పాననుకుంటాడా?

బొగ్గులు నెత్తిన పెట్టుకుని గడికి తిరిగి వచ్చాను. ఉప్పలమ్మ ఎదురొచ్చి గంప దించింది. "ఏంది మామా, గింత ఆలస్యం" అంది. ఎండ అన్నాను.

నేను చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, తరువాత కూడా చెప్పలేదు. గడి గోడల మధ్య వయసు పిల్ల, వాకిట్లో కావలి, ఊరి బయట క్యాంపు. మాకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలిస్తే మమ్మల్ని బయటికి పోనిస్తారా? ఉప్పలమ్మ గొంతెత్తి ఏడిస్తే గోడలు దాటుతుంది. పని పూర్తిచేసి, ఏమీ ఎరగనట్టు బండి కట్టుకుని, ఆ ఊరి పొలిమేర దాటిన తరువాత చెప్పాలనుకున్నాను. ఇది నిజం. కానీ ఇంకొక నిజం కూడా ఉంది, నీ దగ్గర దాచను. ఆ పిల్ల నవ్వుతుంటే నా కొడుకు ఎక్కడో బతికి ఉన్నట్టే ఉండేది. నాకు కూడా ఆ కొన్నాళ్ళు కావాలనిపించింది.

అట్లా, తెలిసి కూడా, ఆ దర్వాజకు పట్టీలు కొట్టాను. ఒక్క అతుకు కూడా తప్పు పోలేదు. ఊరంతా దున్నుకునే ఇనుము తలుపుకు ఎక్కింది. ఇక అడ్డగడియ ఒక్కటి మిగిలింది, తలుపు వెనక వేసే బరువైన కమ్మి. ఉన్న మంచి కర్రులన్నీ దానికోసమే దాచాం. అది లేకపోతే తలుపు మూసినా మూసినట్టు కాదు.

ఆ కమ్మి అతికే రోజు పొద్దున దొర పట్నం పోయాడు. గుమాస్తా క్యాంపుకు పోతూ మా దగ్గర ఆగి, రేపు తలుపు నిలబెట్టే ముహూర్తమని, ఎల్లుండి భిక్షం వస్తాడని చెప్పి పోయాడు. ఉప్పలమ్మ వాడికి రెండు చేతులెత్తి మొక్కింది. తరువాత నాతో అంది. "మామా, ఎల్లుండి ఆయనొస్తె జొన్నగట్కనే పెడుదుమా? దొరసాని దగ్గరికి పోయి కొంగుపట్టి సోలెడు బియ్యం అడుక్కొస్త. ఏమన్న అంటే అననీ."

కొలిమిలో కమ్మి కాలుతూ ఉంది. ఆమె కొంగు సవరించుకుని లేవబోయింది. ఆ ఇంటి గడప ముందు ఆ పిల్ల ఆ బియ్యం కోసం కొంగు పట్టడం నేను ఊహించలేకపోయాను. ఇన్నాళ్ళూ ఏవేవో మోశాను కానీ అది నా వల్ల కాలేదు. కూర్చో బిడ్డా అన్నాను. కూర్చుంది. తిత్తి చప్పుడు ఆపవద్దన్నాను, ఆ చప్పుడులో నా మాట కావలివాడి దాకా పోదని. అప్పుడు చెప్పాను. బుచ్చయ్య చెప్పిన మాటలే, వేరే మాటలు నాకు దొరకలేదు. గొంతు ఎత్తకు, ఇది గడి అని కూడా చెప్పాను.

తిత్తి ఆగలేదు. ఆమె నా మొహం చూడలేదు, నిప్పునే చూస్తోంది. విన్నదో లేదో నాకు తెలియలేదు. అప్పుడు అంది:

"తంగేడైంది మామా. తియ్యి. ఇనుము సల్లారుతది."

తీసి దాగలి మీద పెట్టాను. ఆమె సమ్మెట ఎత్తింది. మొదటి దెబ్బలకు నిప్పురవ్వలు లేచాయి, అతుకు కూర్చుంది. అక్కడితో ఆపి కమ్మిని మళ్ళీ నిప్పులో పెట్టాలి. ఆమె ఆపలేదు. తంగేడు పోయి మోదుగు వచ్చింది, మోదుగు పోయి రేగుపండు వచ్చింది. నా కళ్ళకు రంగు ఆనకపోయినా పట్కారు చెబుతుంది. దెబ్బ దెబ్బకు ఇనుము బిగుసుకుపోతున్న సంగతి నా మణికట్టుకు తెలుస్తూనే ఉంది. చల్లబడిన ఇనుమును కొట్టరాదు, అతుకు చచ్చిపోతుంది. నీకు నేను నేర్పిన మొదటి పాఠం అదే, తప్పితే చెవి మెలిపెట్టేవాణ్ణి. ఆ రోజు నేను పట్కారు వదలలేదు, వద్దని కూడా అనలేదు. ఆమె కొట్టింది. ఏడుపంతా ఆ సమ్మెటలోకే పోతోంది. కమ్మి నల్లబడిపోయింది. ఇంకా కొట్టింది. చివరికి అతుకు దగ్గర పగులు పడి, ఊరి కర్రులన్నీ కలిపి చేసిన ఆ అడ్డగడియ రెండు ముక్కలై దాగలికి ఇటూ అటూ పడింది.

ఆమె సమ్మెటను బండిలో పెట్టింది. కొట్టం నుంచి ఎద్దులను తెచ్చి కాడి కట్టింది. నేను దాగలి, తిత్తి ఎక్కించాను. కావలివాడు అడ్డం వచ్చి ఎక్కడికని అడిగాడు. బొగ్గులు అయిపోయినయి, తెచ్చుకుంటం అంది, మామూలు గొంతుతో. బొగ్గులకు పోతూ దాగలి ఎందుకే అన్నాడు వాడు. "గయితె నువ్వే దించన్నా. వచ్చినంక మల్ల నువ్వే ఎక్కియ్యాలె మరి" అంది. వాడు దాగలి వైపు చూసి, నవ్వి, తప్పుకున్నాడు. విరిగిన కమ్మి ముక్కలు వాకిట్లోనే పడి ఉన్నాయి. గడి దర్వాజ ఇనుప పట్టీలన్నీ తొడుక్కుని గోడకు ఆనించి ఉంది, దానికి గడియ లేదు.

పెద్దబాట వదిలి, చెలకల దారి పట్టి, ఊళ్ళలో ఆగకుండా ఇక్కడి దాకా వచ్చాం. ఇక్కడ మమ్మల్ని ఎవరూ ఎరగరు. మన కులపువాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. మొగుడు పోయిన ఆడది ఏడాది తిరగనిదే దాగలి ముట్టరాదని నిన్న వచ్చి చెప్పారు. అట్లయితే మీరొచ్చి నా సమ్మెట కొట్టండి అంది ఉప్పలమ్మ. వాళ్ళు పోయారు. ఇవాళ పొద్దున రెండు కర్రులు, ఒక చక్రం పట్టా చేసింది. రంగులు చెబుతుంది, కొడుతుంది. అంతకు మించి మాట్లాడదు.

శ్యామలమ్మ మా ఇద్దరినీ రమ్మని రాయించింది. ఆ అమ్మాయి మంచిది. మేము రాము. నువ్వు కూడా ఇప్పుడు రావద్దు, నిన్ను కూడా అదే గుమాస్తా గుర్తుపడతాడు. అక్కడే గుండు చేయించుకుని తమ్ముడి పేరు మీద నీళ్ళు వదులు. పెద్దవాడివి, అది నీ వంతు. ఇంకొక పని కూడా ఉంది. మీ కార్ఖానాలో పాత ఇనుము పడి ఉంటుందని రాశావు. నీకు చేతనైనంత రైల్లో నల్లగొండ దిక్కుకు పంపించు. ఆ ఊళ్ళో నాగళ్ళన్నీ మా మూలంగా మొనలు లేకుండా పడి ఉన్నాయి, పైన మబ్బు పట్టింది. సోమమ్మకు ఇంకో కర్రు చేస్తాడని భిక్షం తరఫున మాటిచ్చింది నేను. నీ మీద నాకున్న కోపం అట్లానే ఉంది, కానీ ఇనుము పంపితే తీసుకుంటాను.

ఇంతవరకే రాద్దామనుకున్నాను. ఒక సంగతి మిగిలింది.

గడి వదిలిన రెండో రోజు, ఎద్దులకు నీళ్ళు పెడుతూ ఉప్పలమ్మ నన్ను అడిగింది, నీకు ఎప్పుడెరుక మామా అని. అబద్ధం చెప్పలేకపోయాను. బొగ్గులకు పోయిన నాడు అన్నాను. ఆమె ఎద్దు గంగడోలు నిమిరింది. నేను ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితె గన్ని దినాలు నేను కడుపునిండ తిన్న. నవ్విన గూడ" అంది.

ఎన్నో పుస్తకాలు చదివాను దశరథం. ఆ మాటకు ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. అప్పటి నుంచి ఆమె రెండు ముద్దల మీద మూడో ముద్ద ముట్టడం లేదు. నీకు ఏమైనా తోస్తే రాయి, చదివి వినిపిస్తాను.

ఇట్లు,
తమ్ముణ్ణి, మరదల్ని నీకు అప్పజెప్పలేకపోయిన
మీ బాపు,
గాలయ్య